లాంచ్ డేట్ మీద పందానికి పర్సనల్ లోనా?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ వీడియో ఎడిటర్‌ని. కంప్యూటర్ హార్డ్‌వేర్ వార్తలు రోజూ ఫాలో అవుతాను. కిందటిసారి కొత్త ల్యాప్‌టాప్ ఏ నెలలో వస్తుందో సరిగ్గా అంచనా వేసి, పాతదాన్ని ముందే మంచి ధరకు అమ్మాను. ఈసారీ అలాగే అమ్మేశాను. లాంచ్ జరిగింది గానీ నేను ఎదురుచూసిన మోడల్‌ని అప్‌డేట్ చేయలేదు. మూడు నెలలుగా అద్దె మెషీన్ మీద పని చేస్తున్నాను. వచ్చే ఈవెంట్‌లో అది తప్పకుండా వస్తుంది, కొత్త గ్రాఫిక్స్ చిప్ కూడా ప్రకటిస్తారు. అందుకని మూడు నెలల ఆదాయమంత పర్సనల్ లోన్‌కి అప్లై చేశాను. సగంతో ఆ చిప్ కంపెనీ షేర్లు ఇప్పుడే కొని, లాంచ్ రోజు అమ్మేద్దామని ఉంది. మిగతా సగం, వచ్చిన లాభం కలిపి ల్యాప్‌టాప్ కొంటాను. పొదుపు ఖాతాలో రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది, అవసరమైతే అదీ వాడతాను. పర్సనల్ లోన్ మేలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మేలా? – ఒక పాఠకుడు

జవాబు: రెండూ వద్దు. లోన్ ఇంకా మంజూరు కాకపోతే అప్లికేషన్‌ను ఈరోజే వెనక్కి తీసుకోండి.

మీరు వడ్డీ గురించి అడిగారు. నాకు మాత్రం మీ ఉత్తరం చివర్లో ఉన్న ‘అవసరమైతే అదీ వాడతాను’ అన్న మాట దగ్గర టెన్షన్ మొదలైంది. మీకు నెల జీతం లేదు. సొంత మెషీన్ లేదు. చేతిలో ఉన్నది రెండు నెలల ఖర్చులు. ఆ కాస్తా లాంచ్ మీద పెడితే, మర్నాడు ఒక క్లయింట్ పేమెంట్ ఆలస్యం చేసినా ఇంటి అద్దెకు చెయ్యి చాచాల్సిందే. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరు గ్రాఫిక్స్ కార్డుల గురించి రాస్తారు, ఇంకొకరు ఫోన్ల గురించి, మరొకరు ర్యామ్ ధరల గురించి. వస్తువు గురించి బాగా తెలుసు కాబట్టి దాని మీద అప్పు చేసి డబ్బు పెట్టినా ఫర్వాలేదన్న నమ్మకం అందరిలోనూ కనిపిస్తుంది. అందుకే మీ ఒక్కరికి విడిగా రాయకుండా అందరూ చదివేలా జవాబిస్తున్నాను.

మీకు హార్డ్‌వేర్ తెలుసు, కాదనను. కానీ బాగా తెలిసినవాళ్లను కూడా ఈ అంచనాలు ఎన్నిసార్లు ముంచాయో చూడండి. యాపిల్ 2021 ఏప్రిల్‌లో తన ఎం1 చిప్‌తో ఐమ్యాక్ డెస్క్‌టాప్ తెచ్చింది. 2022లో ఎం2 చిప్ రాగానే ఐమ్యాక్‌లోకీ అదే వస్తుందని చాలామంది కాచుకు కూర్చున్నారు. రాలేదు. ఎం2ని పూర్తిగా వదిలేసి, 2023 అక్టోబర్‌లో నేరుగా ఎం3తో తెచ్చారు. అంటే రెండున్నరేళ్లు. మ్యాక్ మినీ అనే చిన్న డెస్క్‌టాప్ ఇంకో దారి పట్టింది. 2023 జనవరిలో ఎం2, తర్వాత ఎం3 ఊసే లేదు, 2024 అక్టోబర్‌లో ఎం4. ఇక ఆ ఎం4 చిప్ మొట్టమొదట ఏ మ్యాక్‌లో వస్తుందా అని అందరూ లెక్కలు వేస్తుంటే, 2024 మేలో అది ఐప్యాడ్ ప్రోలో వచ్చింది. ఇదంతా అయ్యాక చూస్తే ఏదో క్రమం ఉన్నట్టే కనిపిస్తుంది. ముందుగా చూసినవాళ్లకు ఆ క్రమం కనిపించలేదు.

కంపెనీ స్వయంగా వేదిక మీద ప్రకటించినా వస్తువు చేతికి అందేదాకా నమ్మకం లేదు. గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా 2022 సెప్టెంబర్‌లో ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డును రెండు రకాలుగా ప్రకటించింది. అందులో 12 జీబీ మెమరీ ఉన్న కార్డును అమ్మకానికి రాకముందే, అక్టోబర్ 14న వెనక్కి తీసుకుంది. యాపిల్ 2017లో చూపించిన ఎయిర్‌పవర్ ఛార్జర్‌ని 2019 మార్చిలో రద్దు చేసింది. తయారుచేసేవాళ్లే మనసు మార్చుకుంటున్నప్పుడు, బయట కూర్చున్న మనం ‘తప్పకుండా వస్తుంది’ అని ఎలా అనగలం?

అంచనా నిజమైనా డబ్బు మిగలకపోవచ్చు. మీలాగే లాంచ్‌కి ముందు పాతది అమ్మేసినవాళ్లకు 2020లో ఎదురైన అనుభవం గుర్తుందా? ఆ ఏడాది సెప్టెంబర్ 1న ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ ప్రకటించింది. 999 డాలర్ల నుంచి మొదలైన తన పాత కార్డు 2080 టీఐకి దీటుగా పనిచేసే 3070ని 499 డాలర్లకే ఇస్తామంది. దాంతో 2080 టీఐ ఉన్నవాళ్లలో చాలామంది కంగారుపడి వచ్చినంతకు అమ్మేశారు. కొత్త కార్డులు వస్తాయన్న అంచనా నిజమే, వాటి పనితీరు గురించి చెప్పిందీ నిజమే. కానీ కొత్త కార్డులు దుకాణాల్లో దొరకలేదు. చిప్‌ల కొరత, క్రిప్టో మైనింగ్ గిరాకీ కలిసి 2021 పొడవునా ధరలు ఆకాశంలో ఉండిపోయాయి. తొందరపడి అమ్మినవాళ్లు పాత కార్డు పోగొట్టుకుని, కొత్తది దొరక్క, దొరికినా రెట్టింపు పెట్టలేక ఇరుక్కున్నారు. ఆటలు ఆడుకునేవాళ్లకు అది చిరాకు మాత్రమే. ఆ కార్డుతోనే పొట్ట పోసుకునేవాళ్లకు అది నెలల ఆదాయం.

ఇప్పుడు మీ లెక్కే చూద్దాం. ముందే అమ్మడం వల్ల ల్యాప్‌టాప్ ధరలో పదో వంతు అదనంగా వచ్చిందనుకుందాం. అద్దె నెలకు దాని ధరలో ఇరవయ్యో వంతు అనుకుందాం. రెండు నెలలకే లాభం మొత్తం అద్దెకు పోయింది. మూడో నెల నుంచి చేతి డబ్బు పెడుతున్నారు. ఇందులో నేను లెక్క వేయలేని నష్టం ఇంకొకటుంది. అద్దె మెషీన్‌లో మెమరీ చాలక, ఎడిట్ చేసిన వీడియోను ఫైల్‌గా తీసే ఎక్స్‌పోర్ట్ తొంభై శాతం దగ్గర ఆగిపోతుంది. రాత్రంతా మళ్లీ రెండర్ పెట్టి కూర్చుంటారు. చెప్పిన టైముకి ఫైల్ అందని క్లయింట్ మీతో గొడవేమీ పడడు, మళ్లీ పని ఇవ్వడు, అంతే. ఫ్రీలాన్సర్లకు ఆదాయం పోయేది ఇలా చప్పుడు లేకుండానే. కిందటిసారి మిగిలిన డబ్బును దీని పక్కన పెట్టి చూసుకోండి.

షేర్ల సంగతికొస్తాను. లాంచ్‌కి ముందు కొని లాంచ్ రోజు అమ్మడం అనే ఆలోచన మీకొక్కరికే వచ్చింది కాదు. మీరు చదివే రూమర్లే మార్కెట్‌లో ఉన్నవాళ్లంతా చదువుతారు. అందుకే ఆ ఆశ అంతా ముందే ధరలోకి ఎక్కి కూర్చుంటుంది. 2025 జనవరి 6న ఎన్విడియా షేరు అప్పటికి రికార్డు ధర దగ్గర ముగిసింది. ఆ సాయంత్రమే అందరూ ఊహించినట్టుగా ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ ప్రకటన వచ్చింది. మర్నాడు షేరు 6 శాతానికి పైగా పడింది. హార్డ్‌వేర్ గురించిన అంచనా నూటికి నూరుపాళ్లు నిజమైన రోజున షేరు కొన్నవాళ్లు నష్టపోయారు. అదే నెల 27న డీప్‌సీక్ అనే చైనా ఏఐ మోడల్ గురించిన ఆందోళనతో ఒక్క రోజులో దాదాపు 17 శాతం పడి, కంపెనీ విలువలో సుమారు 589 బిలియన్ డాలర్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఏ గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడొస్తుందో చెప్పే రూమర్లలో ఈ దెబ్బ జాడ ఎక్కడైనా ఉందా?

ఆ షేరు తర్వాత కోలుకుని ఇంకా పైకి వెళ్లింది కదా అని మీరు అడగొచ్చు. నిజమే, వెళ్లింది. ఆగగలిగినవాళ్లు లాభపడ్డారు. మీరు ఆగలేరు. నెల తిరిగేసరికి ఈఎంఐ కట్టాలి, ల్యాప్‌టాప్ కొనాలి, అద్దె మెషీన్‌కి డబ్బు పంపాలి. షేరు పడిన రోజే మీకు డబ్బు అవసరమవుతుంది, పడిన ధరకే అమ్ముకుంటారు. అప్పు తెచ్చి షేర్లు కొనేవాళ్ల మీద నాకు కోపం రావడానికి కారణం ఇదే. కోలుకునేదాకా ఆగే వెసులుబాటును వాళ్లు తమ చేతులతోనే వదులుకుంటారు. అది పోయాక మీరు ఎంత మంచి కంపెనీని ఎంచుకున్నా ఉపయోగం ఉండదు.

లోన్ లెక్క కూడా ఒకసారి కాగితం మీద వేసుకోండి. మూడు నెలల ఆదాయమంత అప్పు, 15 శాతం వడ్డీ, రెండేళ్ల గడువు అనుకుంటే, నెల ఆదాయంలో దాదాపు ఏడో వంతు ఈఎంఐకే పోతుంది. అది మామూలు నెలల సంగతి. పని సగానికి పడిపోయిన నెలలో అదే ఈఎంఐ చేతికొచ్చినదాంట్లో మూడో వంతుకు దగ్గరవుతుంది. ఇక క్రెడిట్ కార్డు. లాంచ్ వార్తల పక్కనే ‘సులభ వాయిదాలు’ అని కనిపించే ప్రకటనలను నమ్మకండి. ఒక్క వాయిదా తప్పి మిగిలిన బాకీకి నెలకు 3 శాతం పడటం మొదలైతే, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. అంత వడ్డీ కట్టి కూడా లాభం తెచ్చిపెట్టే ల్యాప్‌టాప్ గానీ షేరు గానీ ఉందని ఎవరైనా అంటే, దయచేసి వాళ్ల దగ్గర సలహా అడగడం మానేయండి.

నేను ప్రతి జవాబులోనూ చెప్పేదే మీకూ చెప్తున్నాను, మీ విషయంలో ఇంకా గట్టిగా చెప్తున్నాను. ముందు అత్యవసర నిధి. నెల జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఖర్చులు చాలంటాను. ఫ్రీలాన్సర్లకు తొమ్మిది నెలలకు తగ్గితే ఒప్పుకోను, ఏడాదికి సరిపడా ఉంటే నిశ్చింత. ఖర్చులంటే తిండి, అద్దె మాత్రమే లెక్కేస్తారు చాలామంది. సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు, ఇంటర్నెట్, బీమా ప్రీమియం, ఇంట్లో పెద్దవాళ్లకు పంపే డబ్బు, ఏడాదికొకసారి వచ్చే ఫీజుల్లో పన్నెండో వంతు, ఇవన్నీ అందులో ఉండాలి. కిందటి ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని కూడితే అసలు అంకె బయటపడుతుంది. సాధారణంగా అది మనం నోటితో చెప్పే అంకెకన్నా పెద్దదిగానే ఉంటుంది. మీరు రెండు నెలలకు సరిపోతుందన్న డబ్బు నిజానికి నెలన్నరకే సరిపోవచ్చు.

మీకు మెషీన్ పాడవడమే ఒక అత్యవసరం అని కూడా గుర్తుపెట్టుకోండి. ఉద్యోగి ల్యాప్‌టాప్ చెడిపోతే ఆఫీసు ఇంకొకటి ఇస్తుంది, జీతం ఆగదు. మీకు మదర్‌బోర్డు పోయిన రోజే ఆదాయం ఆగిపోతుంది, అదే రోజు పెద్ద ఖర్చు మీద పడుతుంది. కాబట్టి ఆ నిధిని రెండు ఖాతాలుగా పెట్టుకోండి. ఒకటి ఇంటి ఖర్చులకు. రెండోది చిన్నది, మెషీన్ కోసమే. ల్యాప్‌టాప్ ధర మీ రెండు నెలల ఆదాయమంత ఉండి, నాలుగేళ్లు వాడతారనుకుంటే, నెల ఆదాయంలో నూటికి నాలుగు కన్నా కాస్త ఎక్కువ పక్కన పెడితే చాలు, తర్వాతి మెషీన్ డబ్బు సిద్ధంగా ఉంటుంది. మీరు కట్టబోయే ఈఎంఐలో ఇది మూడో వంతు కూడా కాదు. ఈ డబ్బు పొదుపు ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లోనో ఉండాలి. రాబడి తక్కువని నసపెట్టకండి. దాని పని రాబడి తేవడం కాదు.

మరి ల్యాప్‌టాప్ మాటేమిటి? ఇప్పుడు కొనండి. మీరు కోరుకున్న కొత్త మోడల్ వద్దు. కంపెనీ బాగుచేసి వారంటీతో అమ్మే రిఫర్బిష్డ్ మెషీన్ గానీ, ఒక తరం వెనకటిది గానీ చూడండి. పాతది అమ్మిన డబ్బులో మిగిలినదానితో వచ్చేది ఎంచుకోండి, మెమరీ విషయంలో మాత్రం రాజీపడకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో తర్వాత మెమరీ పెంచుకునే వీలుండదు. ప్రాసెసర్ ఒక తరం వెనకబడితే రెండర్‌కి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. మెమరీ చాలకపోతే పనే ఆగుతుంది. కొనేముందు వాపసు గడువు ఎన్ని రోజులో కనుక్కోండి. ఆ గడువులోపు కొత్త మోడల్ వస్తే తిరిగిచ్చి మార్చుకునే వీలుంటుంది. లాంచ్‌ల మీద మీకున్న ఆసక్తిని అక్కడ వాడుకోండి, అందులో తప్పు లేదు. ఇకమీదట మాత్రం కొత్త మెషీన్ ఇంటికొచ్చి, ఫైళ్లన్నీ అందులోకి చేరి, ఒక ప్రాజెక్టు దాని మీద పూర్తయ్యాకే పాతదాన్ని అమ్మండి. రెండు వారాలు ఆగితే ధర కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

మిగతావి క్లుప్తంగా. ఆరోగ్య బీమా గురించి మీరేమీ రాయలేదు, లేకపోతే ల్యాప్‌టాప్ కన్నా ముందు అది తీసుకోండి. షేర్ల మీద ఆసక్తి ఉంటే, నిధి పూర్తయ్యాక, ఒకే కంపెనీ కాకుండా చాలా కంపెనీల షేర్లు కలిసి ఉండే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా వేసుకోండి. షేరు ధర ఎటు వెళ్తుందో పందెం కాసే ఆప్షన్ల జోలికి వెళ్లకండి.

లోన్ అప్పటికే మంజూరై డబ్బు ఖాతాలో పడితే, దాన్ని ముట్టుకోకుండా బ్యాంకుకి వెళ్లి, వెంటనే రద్దు చేసుకునే గడువు ఉందా, ముందే తీర్చేస్తే ఛార్జీ ఎంత అని రాతపూర్వకంగా అడగండి. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాకపోవచ్చు. దాని కోసం లోన్ ఉంచుకోకండి, ఫీజు పోతే పోనివ్వండి. అద్దె మెషీన్ గడువు ఏ తేదీతో ముగుస్తుందో చూసుకుని, ఆలోపే సొంతది తెచ్చుకోండి. ఆగిన అద్దె మొత్తాన్ని ఆ నెల నుంచే నిధి ఖాతాలోకి మళ్లించండి.