సంతకానికి ముందు రోజు

చి.సౌ. మేనకోడలికి అత్త దీవించి రాయునది.

ఆసుపత్రిలో కౌన్సెలరుగా చేరావని మీ నాన్న చెప్పాడు. ఒడిశా పర్లాకిమిడి ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని కనుక రాయాలనిపించింది.

మన వైపు ఆపరేషనుకి ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే ఫారం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. మంచం మీది మనిషిది తెలుగు, కొండ దిగి వస్తే సవర. పెళ్ళాం ఆపరేషనుకి మొగుడు, తల్లి ఆపరేషనుకి కొడుకు సంతకం పెట్టేస్తారు. అలా జరగనివ్వకు. 18 దాటి, తెలివిలో ఉన్న మనిషి తనే ఒప్పుకోవాలి. లోపల ఏముందో చూసే పరీక్షకి ఒప్పుకున్న ఒకామెకి, మత్తులో ఉండగా తల్లినడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేదు కనుక తల్లి ఒప్పుకోలు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది.

థియేటరు గుమ్మంలో అడిగితే ఎవరైనా సరేననే అంటారు. ముందు రోజే స్టూలు లాక్కుని పక్కన కూర్చో. "అర్థమైందా?" అనకు, అందరూ తలూపుతారు. "ఇంటికెళ్ళాక మీ చెల్లెలడిగితే ఏం చెప్తావమ్మా?" అను. అప్పుడు లోపలున్న అపోహ బయటపడుతుంది: "గర్భసంచి ఉంటే కేన్సరొస్తుందంట, తీయించేస్తే పీడ పోతుంది." ఆ మాట ఎంతమంది నోట విన్నానో! మందులు వాడి చూశారా, అండాశయాలు ఉంచుతారా అని ఆమె చేతే డాక్టరుని అడిగించు. అవీ తీసేస్తే ముట్లుడిగే దశ ఒక్కసారిగా వచ్చేస్తుంది, ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకల బలం తగ్గుతుంది. ఎక్కువ రక్తస్రావానికి మాత్రలున్నాయి, గర్భసంచిలో పెట్టే హార్మోను లూపు ఉంది. ఆమెకి ఏది నప్పుతుందో చెప్పేది డాక్టరే, కానీ ఆ ప్రశ్న ఆయన దాకా వెళ్ళాలి కదా.

ప్రమాదం ఎంతో శాతాల్లో చెప్పకు. "100 మందికి చేస్తే ఇద్దరికి ఇలా అవుతుంది, 98 మందికి అవదు" అని రెండూ చెప్పు.

"మీ అమ్మకైతే ఏం చేయిస్తావు?" అని తప్పక అడుగుతారు. తొందరపడి జవాబివ్వకు. దేనికి భయపడుతున్నారో కనుక్కో. చాలామందికి కత్తి కన్నా, కోతల రోజుల్లో పొలం ఎవరు చూస్తారు, విశాఖ వెళ్తే తోడెవరుంటారు అన్న బెంగే ఎక్కువ. అది తెలిస్తే తేదీ మార్చమని అడగొచ్చు.

బరంపురంలోనో శ్రీకాకుళంలోనో ఇంకో డాక్టరుకి చూపిస్తామంటే కాగితాలు ఇప్పించు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది. ప్రాణం మీదికొచ్చి, మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే మాత్రం డాక్టరు ఆగరు, ఆగకూడదు కూడా.

వద్దంటే బతిమాలకు, కసురుకోకు. ఆమె అన్నమాట అన్నట్టే కేసు షీటులో రాయించు. ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలో ఆమెకీ, ఇంట్లో ఇంకొకరికీ చెప్పి పంపు.

మీ అత్త