ఇంజిన్ కేసుకు వేసిన అతుకు ఎందుకు కారుతుంది?

ప్రశ్న: డ్రెయిన్ బోల్టు దగ్గర పగిలిన మోటారు సైకిల్ ఇంజిన్ కేసుకు విజయవాడలో ఒక షాపులో వెల్డింగ్ చేయించాను. నెల తిరగకుండానే అతుకులోంచి నూనె చెమర్చుతోంది. లోపం ఎక్కడ ఉంది?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లోపం చాలావరకు శుభ్రతలోనే ఉండి ఉంటుంది. కేసును తయారుచేసే పోత అల్యూమినియంలో సూక్ష్మరంధ్రాలు ఉంటాయి కనుక, ఏళ్ల తరబడి వేడి నూనెలో నానిన కేసును పైపైన తుడిచి అతికితే, లోపల ఇంకిన నూనె ఆర్క్ (వెల్డింగ్‌లో పుట్టే విద్యుత్ మెరుపు) వేడికి ఆవిరై, కరిగిన లోహంలో బుడగలుగా చిక్కుకుంటుంది. అందుచేత బేరింగులు, సీళ్లు తీయించి, పాత అతుకును పూర్తిగా చెక్కించి, ఎసిటోన్‌తో కడిగించి, అది బాగా ఆరాకనే కేసును సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయించి, పైకి ఊరిన నూనెను చల్లారాక మళ్లీ కడిగించాలి. ఇది ఒక్కసారితో తేలే పని కాదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌ను మాత్రం దగ్గరకు రానీయకండి. ఆర్క్ కాంతికి, వేడికి దాని ఆవిరి ప్రాణాంతకమైన ఫాస్జీన్ వాయువుగా మారగలదు.

అతకడానికి ఏసీ టిగ్ యంత్రం (ఏసీ కరెంటుతో, టంగ్‌స్టన్ మొనతో, జడవాయువు రక్షణలో వెల్డింగ్ చేసేది), అతుకులో కరిగించి నింపే, సుమారు 5 శాతం సిలికాన్ ఉన్న 4043 రకం అల్యూమినియం కడ్డీ సాధారణంగా సరిపోతాయి. మొదటి వరుస నల్లగా, బుడగలతో వస్తే దానిమీదే మరో వరుస వేసి కప్పిపుచ్చడం మా దృష్టిలో పనికాదు. దానిని చెక్కేసి మళ్లీ మొదలుపెట్టమని మెకానిక్‌ను అడగండి.