మేనేజర్ అరుపులు ఇంటిదాకా వస్తున్నాయి

ప్రశ్న: మాదాపూర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. నా కింద ఎనిమిది మంది. మా మేనేజర్ రోజూ పొద్దున కాల్‌లో ఎవరో ఒకర్ని పట్టుకుని "నీకు జీతం దండగ" అంటూ అందరి ముందూ దులిపేస్తారు. ఆరు నెలల్లో ముగ్గురు మానేశారు. పని దిగజారిందని మళ్లీ మమ్మల్నే అంటున్నారు. ఈమధ్య నేనూ జూనియర్ల మీద, ఇంట్లో బాబు మీద అరుస్తున్నాను.
– ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: మీ వాళ్లకు పట్టుకున్నది బద్ధకం కాదమ్మా, భయం. తిట్లు తినేవాళ్లు పనికన్నా ముందు నోరు విప్పడం మానేస్తారు. సోమవారం కనబడిన బగ్‌ను, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పును, గురువారం దాకా దాస్తారు. గంటలో పోయేది రెండు రోజుల పనవుతుంది. 2015లో వెలువడిన ఓ ఇజ్రాయెల్ అధ్యయనంలో, నవజాత శిశువుల ఐసీయూ బృందాలతో నమూనా కేసు చేయించారు. బయటి నిపుణుడు చులకనగా మాట్లాడిన బృందాలు జబ్బు గుర్తించడంలోనూ, చికిత్సలోనూ వెనకబడ్డాయి. తెలిసింది పక్కవారికి చెప్పడం, సాయం అడగడం తగ్గిపోయాయి. అక్కడ ఎవరూ కేకలు కూడా వేయలేదు!

ముందు మీ సంగతి. అత్త మీద కోపం దుత్త మీద తీస్తున్నారు. కాల్ అయ్యాక పది నిమిషాలు ఎవరికీ మెసేజ్ పెట్టకండి. తర్వాత తిట్లు పడ్డవారిని విడిగా పిలిచి, ఎక్కడ ఆగిందో, మీరేం చేయాలో అడగండి. "తప్పు ముందే చెప్పండి, పైకి నేను చెప్తాను, మీ పేరు రాదు" అని టీమ్‌కు మాటివ్వండి. ఒక్కసారి ఆ మాట తప్పితే ఇంకెవరూ మీకు చెప్పరు. బాబుకు మాత్రం "అమ్మ కోపం నీ మీద కాదు" అని ఇవాళే చెప్పండి.

మూడు వారాలు రాసుకోండి: తేదీ, అన్న మాట ఉన్నదున్నట్టు, విన్నవాళ్లు, ఆ తర్వాత ఆగిన పని. ఆఫీసు ఫైళ్లు సొంత మెయిల్‌కు పంపుకోకండి, ఆ తప్పే మీ మెడకు చుట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్ రిలీజ్ హడావుడి లేని రోజు చూసి మేనేజర్‌తో ఒంటరిగా మాట్లాడండి. "మీరు తిడుతున్నారు" అంటే వాదన మొదలవుతుంది. "అందరి ముందూ అన్న రోజు సమస్యలు ఆలస్యంగా బయటికొస్తున్నాయి, నాకు విడిగా చెప్పండి" అనండి.

రెండు వారాల్లో మార్పు లేకపోతే ఆయన పైవారికీ, హెచ్‌ఆర్‌కీ మెయిల్ పెట్టండి. నోటిమాట గాల్లో కలిసిపోతుంది. హెచ్‌ఆర్ కంపెనీ మనిషి, మీ కన్నీళ్లకన్నా ముగ్గురి రాజీనామాలు, మళ్లీ చేయాల్సొచ్చిన పని గంటలు వాళ్లకు త్వరగా అర్థమవుతాయి. మేనేజర్ మాటల్లో లైంగిక వేధింపు ఉంటే దారి వేరు: 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మానేయాలనుకుంటే ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా. ఈలోగా నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో మీ నియామక పత్రంలో చూసుకోండి.