ఫ్లాటులో రథసప్తమి చేసుకోవచ్చు, జిల్లేడు పాలతోనే జాగ్రత్త

పెళ్లయ్యాక మొదటి రథసప్తమి, ఉండేదేమో హైదరాబాదులో అయిదో అంతస్తు. అత్తగారు జిల్లేడాకుల స్నానం, పిడకల మీద పరమాన్నం తప్పవంటున్నారు, ఎలా అని కదా మీరు అడిగింది. మాది సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లికి దగ్గర పల్లె. సంక్రాంతి తర్వాత మాకు అంతటి పండగ ఇదే. చాలా ఏళ్లుగా నేనూ ఫ్లాటులోనే చేసుకుంటున్నాను.

తేదీ ఏటా మారుతుంది. మాఘ శుద్ధ సప్తమి చూసుకోవాలి. 2025లో ఫిబ్రవరి 4న వచ్చింది, 2026లో జనవరి 25, అదీ ఆదివారం.

స్నానానికి ఏడు ఆకులంటారు. తల మీద ఒకటి, భుజాలు, మోకాళ్లు, పాదాల మీద రెండేసి. మా ఇంట్లో మూడే, తలకొకటి, భుజాలకి చెరొకటి, ఆకులో ఓ రేగిపండు. మా మామ్మ "యదా జన్మకృతం పాపం" అని శ్లోకం ఎత్తుకుని చెంబుతో నీళ్లు పోసేది. ఆకు జారి పడేదాకా కదలకూడదు. చలికి వణుకుతూ ఆ రేగిపండు ఎటు దొర్లిందా అని చూసేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతి. మావాడికి ఆరేళ్లప్పుడు, ఆకు అప్పటికప్పుడు తుంపి తెచ్చి నెత్తిన పెట్టేశాను. తొడిమ పాలు నుదుటి మీదికి కారాయి. వాడు చేత్తో తుడుచుకుని, అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఏడవనైనా ఏడవలేదు, అక్కడే మోసపోయాను. సాయంత్రం టీవీ ముందు కూర్చుని "అమ్మా, అంతా మంచు పట్టినట్టుంది" అన్నాడు. జిల్లేడు పాలు పడితే నల్లగుడ్డు పొర లోపల వాపు వస్తుందని, ఒక్కోసారి నొప్పే తెలియదని కంటి డాక్టరు చెప్పారు. చుక్కల మందుతో చూపు తేరుకునేదాకా నాకు అన్నం సయించలేదు.

అందుకని ముందు రోజు సాయంత్రమే ఆకులు కోయండి. తొడిమ కింది వైపుకి ఉండేలా పెట్టి పాలు కారనిచ్చి, కడిగి తుడిచి ఉంచండి. కోసిన చేతులు సబ్బుతో కడగండి. ఒకవేళ కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి, నొప్పి లేకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసిపిల్లలకి నేనైతే జిల్లేడు మానేసి చిక్కుడాకు పెట్టి పోస్తాను. మీ అత్తగారికీ ఈ కారణం చెప్పి చూడండి, కాదనరు.

పరమాన్నం మాట. మొదటి ఏడాది బాల్కనీలో పిడకలు రాజేశాను. నిప్పంటుకుందేమోనని పై ఫ్లాటువాళ్లు వాచ్‌మన్‌ని పరిగెత్తించారు! మేడ మీద మూడు ఇటుకలు పెట్టుకునే వీలుంటే సరే, లేకపోతే గ్యాసు పొయ్యి మీదే పాలు పొంగించండి. కొత్త బియ్యం, కొత్త బెల్లం, కలపడానికి చెరుకు ముక్క. బెల్లం మాత్రం దించాక వేయండి, లేకపోతే పాలు విరుగుతాయి. తూర్పు ముఖంగా, చిక్కుడాకుల్లో నైవేద్యం. మా ఇంట్లో అది ఉడికేలోగా పిల్లలు టీవీలో తిరుమల సూర్యప్రభ వాహనం చూస్తుంటారు. రాత్రి చంద్రప్రభతో కలిపి ఆ ఒక్క రోజే ఏడు వాహనాలు.

అన్నట్టు, ఆ రోజు అరసవల్లి వెళితే కిరణాలు స్వామి పాదాలు తాకడం చూడొచ్చా అని కూడా రాశారు. అది రథసప్తమికి కాదండీ. మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో. ఆ రెండు వేళల్లో సూర్యుడు ఉదయించే చోటు ఇంచుమించు ఒకటే. అప్పుడైనా మబ్బు పడితే లేనట్టే. రథసప్తమికి అక్కడ అర్ధరాత్రి నుంచి క్షీరాభిషేకం, స్వామి నిజరూప దర్శనం. క్యూ మాత్రం చాలా పొడవుంటుంది.

పూజలో సూర్యుడికి చిక్కుడుకాయలు ఈనెలతో గుచ్చి చేసే రథానికి కాస్త ముదురు కాయలు తీసుకోండి, లేతవి కొబ్బరి ఈనె గుచ్చగానే చీలిపోతాయి. పూజయ్యాక అవే మాకు మధ్యాహ్నం కూర. తరిగే ముందు ఈనెలు లెక్కపెట్టి తీయండి, ఒకసారి మా ఆయన పంటికింద ఒకటి పడింది.