మిగిలిన ఊలు ఉండలతో ఏం అల్లుకోవచ్చు?

ప్రశ్న: చలికాలం వచ్చిందంటే మా ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు, మఫ్లర్లు నేనే అల్లుతాను. ఇరవై ఏళ్లుగా మిగులుతూ వచ్చిన ఊలు ఒక పెద్ద సంచి నిండా చేరింది. నిమ్మకాయంత ఉండలు కొన్ని, కొబ్బరికాయంతవి కొన్ని ఉన్నాయి. వాటి చీటీలు ఎప్పుడో పోయాయి. పారవేయడానికి మనసొప్పడం లేదు. వీటితో చిన్న వస్తువులేమైనా అల్లుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్

జవాబు: తప్పకుండా అల్లుకోవచ్చునమ్మా. అయితే ఏం అల్లాలో ముందే అనుకుని, దానికి సరిపడే ఊలు కోసం సంచి వెతికితే, ఏ రంగూ చాలక పని సగంలోనే ఆగిపోతుంది. ముందు ఊలును వేరుచేసి, తూచి, ఉన్నదాన్ని బట్టి వస్తువును ఎంచుకోవడమే సరైన పద్ధతి. వంటింటి డిజిటల్ త్రాసు ఇందుకు చాలు.

మొదట మందాన్ని చూడండి. ప్రతి ఉండ నుంచి కొంత దారం తీసి, స్కేలు మీద ఒక అంగుళం మేర బిగించకుండా పక్కపక్కన చుట్టి, చుట్లు లెక్కపెట్టండి. లెక్క దాదాపు సమానంగా వచ్చినవన్నీ ఒక సంచిలో వేయండి. తర్వాత అది అసలైన ఉన్నో, అక్రిలిక్ అనే కృత్రిమ దారమో తేల్చుకోవాలి. రెండంగుళాల ముక్కను పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద వెలిగించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరుగుతూ మండి, చివర నల్లని గట్టి పూసలా మిగులుతుంది.

ఈ పరీక్ష అనవసరమైన శ్రమ అనుకోవద్దు. కొన్నేళ్ల క్రితం వేడి గిన్నెలు దించుకోవడానికి మసిగుడ్డకు బదులుగా ఒక మందపాటి చతురస్రం అల్లుకున్నాను. అది అక్రిలిక్ అని నాకు తెలియదు. కాలే మూకుడు పట్టుకోగానే ఊలు కరిగి దానికి అంటుకుపోయింది, చెయ్యి కూడా కొద్దిగా కాలింది. కాబట్టి పొయ్యి దగ్గర వాడే వస్తువులకు నూలు దారం గాని, అసలైన ఉన్ని గాని మాత్రమే వాడండి. అలాగే వేడినీళ్లలో ఉతికితే ఉన్ని ముడుచుకుపోతుంది, అక్రిలిక్ అలా ముడుచుకోదు గనుక, ఈ రెండింటినీ ఒకే వస్తువులో కలపకపోవడం మంచిది.

ఇక నిమ్మకాయంత ఉండల సంగతి. వాటితో నేను ఎక్కువగా అల్లేది గుమ్మానికి కట్టే మామిడాకుల తోరణం. 8వ నంబరు (4 మిల్లీమీటర్ల) సూది మీద 3 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ నిట్ కుట్టుతోనే, అంటే మామూలు సూటి కుట్టుతోనే, అల్లుతూ, వరుస విడిచి వరుసలో మధ్య కుట్టుకు అటూ ఇటూ ఒక్కొక్క కుట్టు పెంచి 11 కుట్లకు చేర్చండి. ఆ 11 కుట్ల మీద 30 వరుసలు తిన్నగా అల్లి, ఆ తర్వాత రెండు అంచుల్లోనూ అదే క్రమంలో తగ్గిస్తూ 3 కుట్లకు వచ్చి, వాటిని ఒకటిగా కలిపి ముగించండి. ఒక్కో ఆకుకు 3 నుంచి 4 గ్రాముల ఊలు పడుతుంది. అంటే 11 ఆకుల తోరణం 45 గ్రాముల లోపే పూర్తవుతుంది. ఆకులన్నీ ఒకే ఆకుపచ్చలో ఉండనక్కరలేదు. చెట్టు మీద ముదురాకు, పండుటాకు పక్కపక్కనే ఉంటాయి, లేత చివురు రాగి రంగులో మెరుస్తుంది. అందువల్ల ఎక్కడా ఇమడని ఇటుక రంగు, గోధుమ రంగు ఊలు ఉండలు కూడా ఇక్కడ చక్కగా ఒదిగిపోతాయి. ఇప్పుడు మొదలుపెడితే ఉగాది నాటికి గుమ్మానికి కట్టుకోవచ్చు.

కొంచెం పెద్ద ఉండలతో మూలనుంచి మూలకు అల్లే చతురస్రాలు వేయండి. 3 కుట్లతో మొదలుపెట్టి, ప్రతి వరుస ఆరంభంలోనూ ఒక కుట్టు పెంచుతూ పోవాలి. ఉండ బరువు సగానికి దిగేముందు ఆపి, అక్కడి నుంచి ప్రతి వరుస ఆరంభంలో రెండు కుట్లు కలుపుతూ తగ్గించాలి. ఇలా చేస్తే ఊలు చాలదేమోనన్న బెంగ ఉండదు. చతురస్రాలను కలిపి దుప్పటి చేయదలచుకుంటే మాత్రం అన్నింటినీ ఒకే లెక్క దగ్గర, ఉదాహరణకు 40 కుట్ల దగ్గర, తగ్గించడం మొదలుపెట్టండి. మొదటి చతురస్రాన్ని తూచుకుంటే ఏ ఉండ సరిపోతుందో, ఏది సరిపోదో ముందే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా ఊరి ఆసుపత్రిలో పుట్టే పిల్లలకు టోపీలు అల్లి ఇవ్వాలని ఉంది. ఎంత ఊలు కావాలి? ఎలా అల్లాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: ముందుగా ఆ వార్డులోని సిస్టర్‌ను అడగండి. వారు తీసుకుంటారో లేదో, ఏ కొలతలు కావాలో తెలుసుకున్నాకే సూది పట్టండి. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 36 సెంటీమీటర్లు ఉంటుంది. మెత్తని బేబీ ఊలు సుమారు 25 గ్రాములు చాలు. డబుల్ నిట్టింగ్ అనే మధ్యరకం మందం ఊలుతో 8వ నంబరు సూది మీద 72 కుట్లు ఎక్కించి, రెండు నిట్, రెండు పర్ల్ (తిరగ కుట్టు) చొప్పున 6 వరుసలు రిబ్, అంటే సాగే అంచు, వేయండి. ఆపై ఒక వరుస నిట్, ఒక వరుస పర్ల్‌గా మొత్తం 9 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అల్లండి. తగ్గించే మొదటి వరుసలో 7 కుట్లు అల్లి 2 కలపడం ఎనిమిది సార్లు చేస్తే 64 మిగులుతాయి. ఒక పర్ల్ వరుస తర్వాత 6 అల్లి 2 కలపండి. ఇలాగే 8 కుట్లు మిగిలేదాకా వెళ్లి, వాటి గుండా దారం దూర్చి బిగించి, పక్క కుట్టు వేయండి. రిబ్బన్లు, గుండీలు, కుచ్చులు పెట్టవద్దు. అవి ఊడితే బిడ్డ నోట్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇచ్చే ముందు ఒకసారి ఉతికి, ఎండలో ఆరబెట్టండి.

ప్రశ్న: అమెరికాలో కొన్న పుస్తకంలో 8వ నంబరు సూది అని ఉంది. మా అమ్మగారు గుంటూరు నుంచి తెచ్చిన 8వ నంబరు సూదితో అల్లితే చెప్పినదానికన్నా చిన్నగా వచ్చింది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ అల్లికలో లోపం లేదు. మన దగ్గర వాడేది పాత బ్రిటిష్ లెక్క, అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్కలో నంబరు పెరిగితే సూది లావవుతుంది. మీ అమ్మగారి 8వ నంబరు సూది 4 మిల్లీమీటర్లు, పుస్తకంలో చెప్పినది 5 మిల్లీమీటర్లు. దానికి సమానమైనది మన లెక్కలో 6వ నంబరు. ఇకమీదట నంబరు కాకుండా మిల్లీమీటర్లు చూసుకోండి.