యువరాణులు ఎందరు?

సందేహం: స్వీడన్ రాజకుటుంబం గురించిన ఒక వార్తలో విక్టోరియానూ ఆమె చెల్లెలు మాడలేన్‌నూ ఇద్దరినీ ‘యువరాణి’ అనే రాశారు. ఒకే ఇంట్లో ఇద్దరు యువరాణులా? విక్టోరియా భర్త డానియల్‌ని యువరాజు అనవచ్చా?

సమాధానం: రాజుగారి కూతురల్లా యువరాణి కాదు. ఈ గందరగోళంలో మన జానపద సినిమాల వాటా పెద్దది. తోటలో పూలు కోసే ప్రతి రాజకుమారీ వాటిలో యువరాణే! వార్తలు రాసేవాళ్ళయినా కాస్త ఆగి ఆలోచించాలి కదా.

యౌవరాజ్యం పుట్టుకతో అంటుకునే బిరుదు కాదు, పట్టం కట్టి ఇచ్చే పదవి. రాముడు దశరథుడికి పుట్టగానే యువరాజు కాలేదు. ఆ పట్టాభిషేకం తలపెట్టినందుకే కదా అయోధ్యలో అంత రభస! కిష్కింధలో సుగ్రీవుడు రాజైతే యువరాజు అంగదుడు, అంటే అన్న కొడుకు. రావణవధ తర్వాత లక్ష్మణుడు వద్దంటే ఆ పదవి భరతుడికి దక్కింది. ఇక నాకు ప్రాణమైన తిక్కనగారి శాంతిపర్వానికి రండి. యుద్ధం ముగిశాక ధర్మరాజు యువరాజుగా నిలిపింది ఎవరిని? భీముణ్ణి! అప్పటికి భీముడు కుర్రవాడేమీ కాదు. కొడుకా, తమ్ముడా, పడుచువాడా అన్నది కాదు లెక్క. రాజు తర్వాత నిలబడేది ఎవరన్నదే లెక్క. పాత తెలుగులో ‘దుగరాజు’ అన్నా ఇతడే.

స్వీడన్ కథ దీనికి చక్కగా అతుకుతుంది. విక్టోరియా 1977లో పుట్టింది. 1979 మేలో తమ్ముడు కార్ల్ ఫిలిప్ పుట్టగానే, అప్పటి పద్ధతి ప్రకారం వారసుడు అతడే. 1980 జనవరి 1న ఆడామగా తేడా లేకుండా పెద్దబిడ్డకే సింహాసనమనే చట్టం అమల్లోకి వచ్చింది. ఏడు నెలల పసివాడి యౌవరాజ్యం అక్కకు వెళ్ళింది. తండ్రి పదహారవ కార్ల్ గుస్తాఫ్‌కి ఇది నచ్చలేదు, అయినా చట్టం చట్టమే. కాబట్టి విక్టోరియా యువరాణి, మాడలేన్ రాకుమారి, కార్ల్ ఫిలిప్ ఇప్పుడు రాకుమారుడు మాత్రమే.

నార్వేలో యువరాజు హోకున్ భార్య మెట్టె మారిట్‌నీ యువరాణి అనే అంటారు. ఆమెది మగని వల్ల వచ్చిన హోదా, విక్టోరియాది సొంత హక్కు. మాట ఒకటే, అధికారం వేరు.

రాజ్యమేలే స్త్రీని ఏమనాలన్న చిక్కు ఈనాటిది కాదు. 1387లో డెన్మార్క్ పగ్గాలు పట్టిన మొదటి మార్గ్రెటెకి సరిపడే బిరుదు దొరక్క ‘దొరసాని, యజమాని’ అనే అర్థం వచ్చేలా మాటలు పేర్చారు. అంతకు ముందు శతాబ్దంలోనే మన రుద్రమ శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అయింది. ‘ఏలికసాని’ అనే ముచ్చటైన మాట మనకుంది, వాడేవారే లేరు. 2024 జనవరిలో సింహాసనం వదిలిన రెండవ మార్గ్రెటెకి అది అతికినట్టు సరిపోయేది. రాజు పెద్దభార్యకు చెల్లే ‘పట్టపురాణి’ని మాత్రం అలాంటివారికి తగిలించకండి.

ఇక డానియల్. అతడు వారసుడు కాడు కనుక యువరాజు కాడు. రాజుకు కొడుకూ కాడు కనుక రాకుమారుడనడానికీ నోరు రాదు. డెన్మార్క్ రెండవ మార్గ్రెటె భర్త హెన్రిక్ తనను రాజు అనలేదని అలిగి, భార్య పక్కన సమాధి కూడా వద్దన్నాడు. ‘రాణిగారి భర్త’ అనే మాటకు గౌరవం తేవడం వాళ్ళకే చేతకాలేదు! ప్రస్తుతానికి ‘ప్రిన్స్ డానియల్’ అని రాయడమే మేలనిపిస్తోంది. ‘యువరాణీపతి’ అనేవారుంటే వద్దనను, కానీ నేను రాయను.