ఫీడర్ ట్రిప్ అయితే ముందు చూడాల్సింది రిలే ఫ్లాగ్

ప్రశ్న: మా అమ్మాయి శ్రీకాకుళంలో డిప్లొమా ట్రిపుల్ ఈ చేసింది. పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీ ఇంటర్వ్యూలో ‘11 కేవీ ఫీడర్ ట్రిప్ అయితే ఏం చేస్తావు?’ అంటే ‘మళ్లీ ఆన్ చేస్తాను’ అందట. ఎంపిక కాలేదు. ఏం నేర్పించాలి?
– ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: కొత్త కోర్సు అక్కర్లేదండీ. ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తీసుకెళ్లే లైన్. దాన్ని తెంచే స్విచ్ అయిన బ్రేకర్ తనంతట తాను ట్రిప్ అవ్వదన్నది ముందు పట్టుకోవాలి. లైన్లో కరెంటును సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఫాల్ట్ పసిగట్టే రిలేకి చూపిస్తుంది. కరెంటు హద్దు దాటి రిలే కాంటాక్ట్ మూసుకుంటే బ్యాటరీ డీసీ ట్రిప్ కాయిల్‌కి అందుతుంది. అప్పుడు స్ప్రింగ్ వదిలి, వాక్యూమ్ బాటిల్లో కాంటాక్టులు విడిపోతాయి. వీటిలో అందరూ నిర్లక్ష్యం చేసేది బ్యాటరీని. డీసీ పోతే ఫీడర్ బ్రేకర్ కదలదు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు తెచ్చే ఇన్‌కమర్ బ్రేకర్‌కీ అదే బ్యాటరీ అయితే అదీ కదలదు. ఇక వెనకున్న 33 కేవీ లైన్ ట్రిప్ అయ్యేదాకా ఫాల్ట్ కరెంటు పారుతూనే ఉంటుంది, ఈలోగా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అందుకే షిఫ్ట్ ఎక్కగానే ట్రిప్ సర్క్యూట్ బాగుందని చూపే హెల్తీ లాంప్ చూడాలి.

వాళ్లు ఆశించిన జవాబు ఇది: ముందు రిలే ఫ్లాగ్ (ఎందుకు ట్రిప్ అయిందో రిలే చూపే గుర్తు) చూస్తాను. ఓవర్ కరెంటా, ఎర్త్ ఫాల్టా (కరెంటు నేలలోకి పోవడమా), ఏ ఫేజ్, ఎన్ని గంటలకు అన్నది లాగ్ బుక్కులో రాశాకే రీసెట్ చేస్తాను. పై లైన్లో కొమ్మ తగిలి ట్రిప్ అయితే ఆ ఫాల్ట్ దానంతటదే పోవచ్చు. కేబుల్లో వచ్చింది మాత్రం చాలావరకు పోదు, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టకుండా ఛార్జ్ చేస్తే, అంటే మళ్లీ కరెంటు ఇస్తే, ఇంకా కాలుతుంది. ఫ్యాక్టరీల్లో ఉండేది ఎక్కువగా కేబులే మరి! ఎర్త్ ఫాల్ట్ అయితే తీగ తెగి నేలమీద పడి ఉండొచ్చు. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపాను గాలుల్లో, లైన్ తిరిగి చూడకుండా ఛార్జ్ చేయడమంటే ప్రాణాలతో ఆటే.

చిన్న లెక్క కూడా అడుగుతారు. సీటీ 200/1, ఓవర్ కరెంట్ సెట్టింగ్ 75 శాతం అయితే రిలే 150 ఆంప్స్ దాటాక పనిచేస్తుంది. ఎర్త్ ఫాల్ట్ 20 శాతమంటే 40 ఆంప్స్. అంత తక్కువ ఎందుకంటే, మూడు ఫేజుల లోడ్ సమానంగా ఉన్నప్పుడు ఆ మూడు కరెంట్ల వెక్టార్ మొత్తం సున్నా, కాబట్టి మామూలు లోడ్‌కి ఆ రిలే కదలదు.

ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ మీద పనికి అనుమతి) ఇచ్చే వరుస నోటికి రావాలి: బ్రేకర్ ఆఫ్, మూడు ఫేజుల్లో ఆంప్స్ సున్నా, ఆ తర్వాతే ఐసోలేటర్ (లైన్‌ను విడదీసే స్విచ్) తెరవడం, తాళం, లైన్‌ను ఎర్త్ చేసే డిశ్చార్జ్ రాడ్. ఐసోలేటర్‌కి ఆర్క్ ఆర్పే ఏర్పాటు లేదు, లోడ్ మీద లాగితే ఆర్క్ మనిషి మీదికి వస్తుంది. రాడ్ క్లాంప్ ముందు ఎర్త్‌కి, తర్వాత లైన్‌కి. తీసేటప్పుడు లైన్ ముందు.

ఏడాది డిప్లొమా అప్రెంటిస్‌షిప్‌కి దరఖాస్తు చేయించండి. ఆఫీసు పని కాకుండా సబ్‌స్టేషన్లోనో, ప్లాంట్ స్విచ్‌గేర్ రూములోనో వేయమని అమ్మాయినే అడగమనండి.